చనిపోయినవాడికి నీ పాటలో పేరేది?

తమ్ముడూ,

నువ్వు పంపిన పాట రాత్రి రెండుసార్లు విన్నాను. ట్యూన్ బాగుంది, మీటర్ ఎక్కడా తప్పలేదు. కానీ పల్లవిలోనే నాలుగుసార్లు కత్తి, మూడుసార్లు నెత్తురు వచ్చేశాయి, చరణంలోకి వెళ్లేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

నేరం మీద పాట రాయొద్దని నేను అనను. పండుగ సాయన్న సర్కారు లెక్కలో దొంగ, పాలమూరు జనానికి మాత్రం ఉన్నోళ్లని కొట్టి లేనోళ్లకి పెట్టినవాడు, వాడి మీద కట్టిన పాట ఇప్పటికీ పాడుకుంటారు.

1895 క్రిస్మస్ రాత్రి అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని ఒక బార్‌లో లీ షెల్టన్ అనేవాడు బిల్లీ లయన్స్‌ని కాల్చాడు. తాగి మాటామాటా పెరిగి లయన్స్ వాడి టోపీ లాక్కున్నాడు, అంతే. కాల్చి, తన టోపీ తను తీసుకుని బయటికి నడిచాడు. ఆ హత్య మీద పుట్టిన 'స్టాగర్ లీ' పాటని వందేళ్లు దాటినా కొత్తవాళ్లు పాడుతూనే ఉన్నారు. తుపాకీ ఏ హంతకుడి చేతిలోనైనా ఉంటుంది, మనిషి కళ్లకు కట్టేది ఆ టోపీతోనే.

బాబ్ డిలన్ 1964లో విడుదల చేసిన పాట ఇంకోటి ఉంది, తప్పకుండా విను. బాల్టిమోర్ హోటల్లో పనిచేసే 51 ఏళ్ల హ్యాటీ క్యారల్‌ని ఒక డబ్బున్న కుర్రాడు చేతికర్రతో కొట్టాడు, ఆవిడ చనిపోయింది. చావు దగ్గర డిలన్ మనల్ని ఏడవనివ్వడు, ఇప్పుడే కాదు, ఇప్పుడే కాదు అంటూ ఆపుతాడు. చివర్లో జడ్జి వాడికి ఆరు నెలలు శిక్ష వేస్తాడు చూడు, అప్పుడు ఏడవమంటాడు.

నేనూ ఒకప్పుడు మద్రాసు కోడంబాక్కంలో ఒక రౌడీ పాట రాశాను, రికార్డింగ్ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. కొన్నాళ్లకి సాలిగ్రామంలో మా పక్కింటి వరండాలో కూర్చున్నప్పుడు అదే పాట రేడియోలో వచ్చింది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఆవిడ చేట పక్కన పెట్టి, లేచి రేడియో కట్టేసి, మళ్లీ వచ్చి కాయలు అందుకుంది. ఒక్క మాట అనలేదు. వాళ్ల తమ్ముణ్ని పొడిచి చంపారని నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ పాట నేను మళ్లీ ఎక్కడా పాడలేదు.

నువ్వుండేది మద్రాసు రాయపురంలోనే కదా, చావింట్లో రాత్రంతా గానా అనే పేట పాటలు పాడేవాళ్లని వినే ఉంటావు, పోయినవాడి పేరు, వాడి బతుకు అన్నీ పాటలోకి వస్తాయి. నీ రెండో చరణంలో చచ్చిపోయినవాణ్ని 'ఒకడు' అని వదిలేశావు. వాడికో పేరు పెట్టు, ఆ సాయంత్రం ఇంటికి ఏం పట్టుకెళ్తున్నాడో రాయి. ఆదివారంలోగా పంపు, ట్యూన్ మాత్రం మార్చకు.