అమ్మను పక్షుల దగ్గరకు తీసుకువెళ్లేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మను ఈ చలికాలంలో పులుల అడవికి తీసుకువెళ్లాలనుకుంటున్నట్టు వ్రాశావు. ఉద్దేశం మంచిదే కానీ, డెబ్బై దాటి మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషికి జీపు సఫారీ తగదని నా అభిప్రాయం. తెల్లవారకముందే చలిలో బయలుదేరి, గతుకుల దారిలో గంటల తరబడి కూర్చోవాలి; మధ్యలో దిగడానికి నిబంధనలు ఒప్పుకోవు; ఇంత కష్టపడినా పులి కనబడుతుందన్న హామీ లేదు. దానికి బదులు పక్షులు చేరే పులికాట్ సరస్సు, నేలపట్టు చెరువు వైపు వెళ్లండి.

సూళ్లూరుపేటలో బస చేయండి. అది గూడూరు–చెన్నై రైలు మార్గంలోని ఊరు కాబట్టి అక్కయ్యకు దూరపు కారు ప్రయాణం తప్పుతుంది. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. నీరు పలచగా ఉన్నచోట ఫ్లెమింగోలు గుంపులుగా నిలబడి, ముక్కును తలకిందులుగా ముంచి మేత జల్లెడ పడుతుంటే, ఆవిడ కారు సీటులో కూర్చునే చూడవచ్చు. రోడ్డు తూర్పుకు పోతుంది కనుక ఉదయం ఎండ కళ్లలో పడుతుంది. మధ్యాహ్నం కునుకు తీసిన తరువాత వెళ్లడమే మేలు. చివరనున్న అంతరిక్ష కేంద్రం గేటు దాటి మామూలు సందర్శకులను పోనివ్వరు, అక్కడే వెనక్కి తిరగాలి.

నేలపట్టు దొరవారిసత్రం దగ్గర ఉంది. చెరువు నీటిలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపలు తినడం చూడవలసిన దృశ్యం. పక్షుల రెట్టలు కలిసిన ఆ నీరు పొలాలకు బలమని అక్కడి రైతులు వాటిని ఆదరిస్తారు. పల్లెటూళ్లో పెరిగిన మీ అమ్మకు పక్షుల పేర్లకంటే ఈ సంగతే ఎక్కువ నచ్చుతుంది, చూడు. వాచ్ టవర్ ఎక్కమని మాత్రం ఆవిడను బలవంతపెట్టకు. ఒక మడత కుర్చీ తీసుకువెళ్లి కట్ట మీద నీడలో వేయి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఆ తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫానుల బెడద ఉంటాయి కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు ఎంచుకో. ఫ్లెమింగో పండుగ జరిగే రోజులు మాత్రం వదిలేయి. ఆ జనసమ్మర్దంలో పెద్దవాళ్లకు నిలబడే చోటు కూడా దొరకదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. మీ అమ్మ నోరు తెరిచి బాత్రూము కావాలని అడగదు. అడగవలసి వస్తుందేమోనని ఉదయం నుంచి మంచినీళ్లు తాగడం మానేస్తుంది. ఆ తరం ఆడవాళ్లలో చాలామంది ఇంతే. సాయంత్రానికి తల తిరుగుతుంది, అయినా "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. అందుకని ఒక్కో విడత రెండు గంటల సేపటికి మించి బస వదిలి ఉండకుండా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తిరిగేలా ఏర్పాటు చేసుకుని, ఆ సంగతి బయలుదేరే ముందే ఆవిడకు చెప్పు. అప్పుడు నిశ్చింతగా నీళ్లు తాగుతుంది. బీపీకి వేసుకునే మాత్రలలో మూత్రం ఎక్కువగా వచ్చేది ఏదైనా ఉంటే, ప్రయాణపు రోజుల్లో దాన్ని ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడుగు, సొంతంగా మార్చకు. షుగరు ఉంది కనుక భోజనం వేళ తప్పనివ్వకు.

బైనాక్యులర్స్ కొనేటప్పుడు పది రెట్లు చూపేదాని జోలికి పోకు. వణికే చేతుల్లో బొమ్మ నిలవదు. ఎనిమిది రెట్లు చూపే తేలికపాటిది చాలు, కళ్లజోడు పెట్టుకునే చూడగలిగేలా కంటికి ఆనే గిన్నెలు లోపలికి తిరిగేది తీసుకో. ఇంట్లోనే పెరటి కాకుల మీద నాలుగు రోజులు అలవాటు చేయించు.

తిరుగు ప్రయాణానికి లోయర్ బెర్త్ ఇప్పుడే చూసుకో. ఇంటికి చేరిన మరునాడు చుట్టాలెవ్వరినీ పిలవకు.

ఇట్లు,
మీ మామయ్య