నాన్న డబుల్ బ్యారెల్‌తో షూటింగ్ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల గుంటలు సాగు చేస్తాను, వయసు 41. మా అమ్మాయికి 14 ఏళ్లు. టీవీలో ఒలింపిక్స్ చూసినప్పటి నుంచి షూటింగ్ నేర్చుకుంటానని ఒకటే పట్టు. నాక్కూడా నేర్చుకోవాలనే ఉంది. మా నాన్నగారి పేర లైసెన్సుతో 12 బోరు డబుల్ బ్యారెల్ గన్ ఉంది. ఆయనకు 73 ఏళ్లు, దాన్ని బయటికి తీసి చాలా కాలమైంది. గుంట గట్టు మీద దానితోనే ప్రాక్టీసు చేసుకోవచ్చా? లేక నా పేర పిస్టల్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టమంటారా? ఎయిర్‌గన్‌కు ఏ లైసెన్సూ అక్కర్లేదు, నీటికాకుల్ని కూడా కొట్టుకోవచ్చు అని మా బావమరిది అంటున్నాడు. ఏది సరైన దారి?

జవాబు: ముందు నాన్నగారి గన్ సంగతి చూద్దాం. మీరు చిక్కుల్లో పడేది అక్కడే.

లైసెన్సు ఇంటికి కాదు, మనిషికి ఇస్తారు. నాన్నగారి పేర ఉన్న ఆయుధాన్ని కొడుకు వాడుకోవచ్చని చాలా ఇళ్లలో అనుకుంటారు. 1959 ఆయుధాల చట్టం అలా చెప్పడం లేదు. లైసెన్సుదారుడి ఎదుట గానీ, ఆయన రాసిచ్చిన అనుమతితో గానీ వేరేవాళ్లు తుపాకీని మోయవచ్చని 3వ సెక్షన్ అంటుంది. అయితే అది మరమ్మతుకో, లైసెన్సు రెన్యువల్‌కో, లేదా లైసెన్సుదారుడు తాను వాడుకోవడానికో మాత్రమే. మీరు గురి నేర్చుకోవడం ఆ మూడింటిలో ఏదీ కాదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే 25వ సెక్షన్ కింద కేసవుతుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్షే రెండేళ్లు, గరిష్ఠం ఐదేళ్లు, పైగా జరిమానా. అటు నాన్నగారి లైసెన్సూ రద్దయ్యే ప్రమాదం ఉంది. ‘గట్టు మీద ఎవరు చూస్తారు’ అనుకోకండి. 12 బోరు పేలితే పక్క ఊరికి వినిపిస్తుంది.

ఆ గన్ మీ చేతికి న్యాయంగా వచ్చే దారి లేకపోలేదు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం ప్రకారం, లైసెన్సుదారుడికి 70 ఏళ్లు నిండినా, ఆయుధం తన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఆయన బతికుండగానే తన వారసుల్లో ఒకరికి దాన్ని ఇవ్వవచ్చు. మీ నాన్నగారికి ఆ అర్హత ఇప్పటికే ఉంది. ఆయన సమ్మతి, మిగతా వారసుల అంగీకారం జత చేసి మీ పేర కొత్త లైసెన్సుకు మీరు దరఖాస్తు చేయాలి. అది మంజూరయ్యేదాకా గన్ ఆయన అధీనంలోనే, తాళంలోనే ఉండాలి. ఆలస్యం చేయకండి. ఆయన తదనంతరం లైసెన్సు లేకుండా అది మీ ఇంట్లో ఉండకూడదు. పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు పెట్టుకోవాల్సి వస్తుంది.

సరే, చట్టం ఒప్పుకుందనే అనుకుందాం. అయినా 12 బోరు మొదటి పాఠానికి పనికొచ్చే తుపాకీ కాదని నా అభిప్రాయం. భుజం మీద గట్టిగా తంతుంది. ఆ దెబ్బకు భయపడినవాడు ట్రిగ్గర్ నొక్కేముందే ఉలిక్కిపడటం అలవాటు చేసుకుంటాడు. ఒకసారి పట్టిన ఆ ఉలికిపాటు వదలడం కష్టం. 14 ఏళ్ల పిల్లకైతే ఇక చెప్పేదేముంది. సైకిల్ రానివాడి చేతికి బుల్లెట్ బండి ఇచ్చినట్టు ఉంటుంది.

పిస్టల్ సంగతి. గొట్టం పొట్టిగా ఉండటం వల్ల మణికట్టు కాస్త తిరిగినా గొట్టం మూతి తిరిగి, పక్కనున్న మనిషి వైపు పోతుంది. కొత్తవాళ్ల చేతిలో పిస్టల్‌తో ప్రమాదం అక్కడే. లైసెన్సు కూడా తేలిగ్గా రాదు. ఆత్మరక్షణకు కావాలంటే మీకు ప్రాణభయం ఎందుకుందో చూపించాలి. ‘నేర్చుకోవాలని ఉంది’ అన్న మాట ఆ ఫైలును ఎక్కువ దూరం తీసుకుపోదు. క్లబ్బులో కోచ్ ఎదుట వాడే ఎయిర్ పిస్టల్ వేరు సంగతి, దానికి నేను అడ్డు చెప్పను.

మీ ఇద్దరికీ మొదటి తుపాకీగా నేను చెప్పేది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. దాన్ని చిన్నచూపు చూడకండి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచిందీ, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. తుపాకీ మందు ఉండదు, భుజం మీద తన్నడం దాదాపు ఉండదు, పెల్లెట్ల (చిన్న గుండ్ల) ఖర్చు తక్కువ. నిలబడటం, ఊపిరి బిగపట్టడం, ట్రిగ్గర్‌ను మెల్లగా నొక్కడం అన్నీ దానితోనే వస్తాయి.

మీ బావమరిది మాటలో సగం నిజం. బోరు, అంటే గొట్టం లోపలి రంధ్రం, 4.5 మిల్లీమీటర్లు (.177 అంగుళం) దాటకుండా, శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు. 5.5 మిల్లీమీటర్ల ఎయిర్‌గన్ కొంటే లైసెన్సు కావాలి. బోరు, శక్తి రెండూ రాసిన బిల్లు అడిగి తీసుకుని భద్రపరచండి. రేపు స్టేషన్‌లో అడిగితే చూపించాల్సింది ఆ కాగితమే.

పక్షుల విషయంలో మాత్రం ఆయన మాట వింటే మునుగుతారు. నీటికాకులు, కొంగలు గుంటల్లో రొయ్యల్ని తినేస్తుంటే మీ కడుపుమంట నాకు తెలుసు, ఈ జిల్లాలో ఆ బాధ లేని రైతు లేడు. కానీ అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న పక్షులు. తుపాకీకి లైసెన్సు అక్కర్లేకపోవచ్చు, పక్షిని కొట్టడం వేటే. అటవీ శాఖ కేసు పెడితే గన్ పోతుంది, జైలు శిక్ష కూడా పడవచ్చు. వలలు కట్టుకోండి, కాపలా పెట్టుకోండి.

గట్టు మీద ఎయిర్ రైఫిల్ కూడా వద్దనే అంటాను. తూటా గానీ పెల్లెట్ గానీ తక్కువ ఏటవాలులో నీళ్లకు తగిలితే మునగదు, ఎగిరి పక్కకు పోతుంది. అక్కడ మేత వేసేవాళ్లు, ఏరియేటర్లు చూసేవాళ్లు తిరుగుతుంటారు. ఒకరి కంటికి తగిలితే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద నిందితుడు మీరే. టార్గెట్ వెనక ఏముందో తెలియని చోట ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. ఖాళీ అని తెలిసినా తుపాకీని నిండుగా ఉన్నట్టే చూడాలి, మూతి ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదు. ఈ అలవాట్లు రేంజ్‌లో, అంటే షూటింగ్ ప్రాక్టీసు స్థలంలో, కోచ్ అరిస్తేనే వస్తాయి, వీడియోలు చూస్తే రావు.

అందుకని రైఫిల్ కొనేముందే గుర్తింపున్న క్లబ్బులో చేరండి. రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌కు అనుబంధమా కాదా అడగండి. క్లబ్బు ఆయుధాలతోనే కొన్నాళ్లు నేర్చుకోవచ్చు. లైసెన్సుకు కనీస వయసు 21 ఏళ్లయినా, 12 నిండిన పిల్లలు క్లబ్బు సభ్యులుగా, పర్యవేక్షణలో శిక్షణకు తుపాకీ వాడటాన్ని చట్టం అనుమతిస్తుంది. కాబట్టి మీ అమ్మాయికి అడ్డు లేదు. ఇంట్లో ఆమెకు సొంతంగా అప్పగించడం మాత్రం కుదరదు.

తర్వాతి మెట్టు .22 (అంగుళం బోరు) రైఫిల్. ఇక్కడ చట్టం మీ పక్షాన ఉంది. లైసెన్సున్న లేదా గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసుకు .22 అడిగితే, నిరాకరించడానికి 14వ సెక్షన్‌లో చెప్పిన కారణాలు లేనంతవరకు లైసెన్సు ఇవ్వాలని ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. పిస్టల్ అడిగినవాడికి ఈ వెసులుబాటు లేదు. ఒక మాట, .22 తూటా ఒకటిన్నర కిలోమీటరు దాటి పోగలదు. అది రేంజ్‌కే పరిమితం.

దరఖాస్తు జిల్లా కలెక్టర్ గారికి. పోలీసు విచారణ ఉంటుంది. ఆయుధ భద్రత శిక్షణ పూర్తి చేసిన సర్టిఫికెట్, ఆరోగ్యం బాగుందన్న డాక్టరు సర్టిఫికెట్, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతానన్న హామీపత్రం జత చేయాలి. ఎకరాలు లేనివాడికి లైసెన్సు రాదని ఊళ్లలో చెప్పుకుంటారు. సరిపడా ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించకూడదని చట్టంలోనే రాసుంది. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. వాటిని అడిగి తీసుకుని 18వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు.

దరఖాస్తులో కేసుల వివరాలు అడిగే చోట, గుంటల గట్టు తగాదాలో మీ మీద ఏదైనా కేసు ఉంటే అది కొట్టేసినదైనా, ఇంకా నడుస్తున్నదైనా దాచకుండా రాయండి. పోలీసు రిపోర్టులో అది ఎలాగూ బయటపడుతుంది. దాచి తెచ్చుకున్న లైసెన్సును ఆ ఒక్క కారణంతోనే రద్దు చేయవచ్చు.