ఆర్‌ఓనా, యూవీనా? మెషీన్ సరే, ముందు బాబు బరువు సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం హైదరాబాద్ నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. సంపులోకి రోజు విడిచి రోజు మంజీరా నీళ్ళు వస్తాయి. మిగతా రోజుల్లో బోరు, ఎండాకాలంలో ట్యాంకర్. కింద వాచ్‌మన్ గది పక్కన మంజీరా నల్లా విడిగా ఉంది. తాగడానికి ఇప్పటిదాకా వాటర్ క్యాన్లు కొంటున్నాం. ఐదున్నరేళ్ళ మా బాబుకు నాలుగు నెలల్లో మూడుసార్లు విరేచనాలు అయ్యాయి. ప్రతిసారీ మెడికల్ షాపులో సిరప్ తెచ్చి వేస్తే రెండు రోజుల్లో తగ్గాయి. ఇక మెషీన్ పెట్టించుకుందామని పిలిస్తే, వచ్చిన సేల్స్ అబ్బాయి టీడీఎస్ 640 ఉందని, ఈ నీళ్ళు తాగకూడదని చెప్పాడు. రెండు ఊచలు ముంచి కరెంటు పెడితే మా నీళ్ళు మడ్డిలా మారాయి. ఆర్‌ఓ, యూవీ, యూఎఫ్‌లలో ఏది మంచిది? ఆర్‌ఓ నీళ్ళతో కీళ్ళ నొప్పులు వస్తాయంటున్నారు, నిజమేనా? మా అమ్మ రాగి బిందె చాలంటోంది. బాబు బరువు 14 కిలోలు, పోయినేడాదీ అంతే. నా భార్యకు ఇప్పుడు ఆరో నెల.

జవాబు: మెషీన్ సంగతి చెబుతాను. అంతకంటే ముందు, మీరు చివర్లో ఓ ముక్క రాసి వదిలేసిన బాబు బరువు గురించి మాట్లాడాలి.

ఐదున్నరేళ్ళ మగపిల్లాడు మామూలుగా 18, 19 కిలోల దగ్గర ఉంటాడు. కొందరు పిల్లలు పుట్టుకతోనే సన్నగా ఉంటారు, తల్లిదండ్రుల ఒడ్డూ పొడుగూ కూడా చూడాలి. కాబట్టి బాబును చూడకుండా ఒక్క అంకె పట్టుకుని జబ్బు ఉందని నేను అనను. కానీ ఈ వయసులో ఏడాదికి దాదాపు రెండు కిలోలు పెరగాలి. ఏడాదిగా ముల్లు కదల్లేదంటే, పైగా మధ్యలో మూడుసార్లు విరేచనాలు అయ్యాయంటే, అది ఫిల్టర్ మార్చి ఊరుకునే విషయం కాదు. ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఇక ఆ సిరప్. పేరు రాయలేదు గానీ, షాపులో విరేచనాలకని చేతికిచ్చేవి మాకు తెలియనివి కావు. ఓఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌తో ఆర్నిడజోలో, మెట్రోనిడజోలో కలిసి ఉంటుంది. మా ఓపీకి తల్లులు ఆ సీసాను ఫ్రిజ్ తలుపులోంచి తీసి పట్టుకొస్తుంటారు. మూత చుట్టూ పాకం గట్టిపడి ఉంటుంది, లేబుల్ సగం ఊడిపోయి ఉంటుంది. ఎప్పుడు తెరిచారమ్మా అంటే ఎవరికీ గుర్తుండదు. ఎన్ని ఎం.ఎల్. పోశారంటే 'ఒక మూత' అంటారు. ఆ మూత ఎవరి లెక్క?

రెండు రోజుల్లో తగ్గిందన్నారు. పిల్లల్లో నీళ్ళ విరేచనాలు ఎక్కువగా వైరస్‌ల వల్లే వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. వేసినా వేయకపోయినా తగ్గే టైముకు అవి తగ్గుతాయి, పేరు మాత్రం సిరప్‌కు దక్కుతుంది. జియార్డియా లాంటి క్రిములు ఉన్నప్పుడు ఇంకో చిక్కుంది. అరకొర డోసుకు అవి కొంత అణిగి, నెల తిరగ్గానే మళ్ళీ లేస్తాయి. తిన్నది ఒంటికి పట్టదు, బరువు పెరగదు. మీ బాబుకు ఇదేనని నేననడం లేదు. నులిపురుగులు కావచ్చు, విరేచనాల తర్వాత కొన్నాళ్ళు పాలు పడకపోవడం కావచ్చు, సరిగా తినకపోవడమే కావచ్చు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్నదీ అడగాలి. మల పరీక్ష ఒక్కసారి కాదు, రెండు మూడు రోజుల శాంపిళ్ళు ఇవ్వాల్సి రావచ్చు. రక్తం, మూత్రం ఎలాగూ చూస్తారు. ఈలోపు ఇంకో డోసు వేసి తీసుకెళ్ళకండి, పరీక్షలో దొరకాల్సింది దొరక్కుండా పోతుంది.

మళ్ళీ విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో మీరు చేయాల్సింది ఓఆర్‌ఎస్ తాగించడం. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసుకు చెంచా చొప్పున వేసి మిగిలిన పొడి దాచుకోకండి. షాపుల్లో దొరికే తియ్యటి టెట్రా ప్యాకెట్ డ్రింకులు దీనికి బదులు కావు. డాక్టర్ చెబితే జింక్ 14 రోజులు ఇవ్వాలి, రెండో రోజు విరేచనాలు ఆగాయని మానేయకూడదు. మలంలో రక్తం పడినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, తాగింది తాగినట్టు కక్కేసినా, బాబు మగతగా పడుకుండిపోయినా ఫోన్లో అడగడం కాదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

మీ ఆవిడ సంగతి. ఆరో నెల అన్నారు. కలుషిత నీళ్ళ ద్వారా వచ్చే కామెర్లలో హెపటైటిస్ ఇ ఒకటి. మామూలు వాళ్ళలో ఎక్కువగా దానంతటదే తగ్గిపోయే ఈ జబ్బు, గర్భిణులకు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, ప్రాణం మీదికి తెస్తుంది. ఆ దశలో సోకితే 20 నుంచి 25 శాతం దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. భయపెట్టడానికి రాయడం లేదు. మూత్రం ముదురు పసుపుగా వచ్చినా, అన్నం చూస్తే వికారం పుట్టినా, కళ్ళు పచ్చబడినా ఒక్క రోజు కూడా ఆగొద్దని చెప్పడానికే రాస్తున్నాను. ఎవరో ఒకరు పసరు మందు చెబుతారు. కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొచ్చింది. తగ్గని వాళ్ళు మా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం అయిపోయి ఉంటుంది. ఏ మెషీన్ కొన్నా, అది వచ్చేదాకా ఆవిడకూ బాబుకూ కాచిన నీళ్ళే ఇవ్వండి. తెర్లు బాగా వచ్చాక ఒక నిమిషం ఉంచితే చాలు. అదే గిన్నెలో మూతపెట్టి చల్లారనిచ్చి, పొడుగు కాడ గరిటెతోనే ముంచుకోవాలి. గ్లాసుతో పాటు వేళ్ళు మునిగితే కాచిందంతా వృథా.

సరే, మెషీన్.

ముందు ఆ ఊచల సంగతి తేలుద్దాం. అందులో ఇనుప ఊచలుంటాయి. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది, ఇనుము కరిగి తుప్పులా తేలుతుంది. మీరు చూసిన మడ్డి చాలామటుకు ఊచల్లోంచి వచ్చిందే. ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు సరిగా పారక తేటగా నిలుస్తాయి. ఈసారి అతను వస్తే ఆ ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ పెట్టమనండి, తమాషా చూద్దురు గాని.

టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. 640 విషమేమీ కాదు. అదే మీటరు కొబ్బరినీళ్ళలో పెడితే వేలల్లో చూపిస్తుంది, తాగడం మానేస్తామా? అసలు పేచీ ఏమిటంటే, టైఫాయిడ్ క్రిమి ఉన్నా, కామెర్ల వైరస్ ఉన్నా ఆ మీటరుకు తెలియదు. టీడీఎస్ 40 ఉన్న నీళ్ళు తాగి కూడా విరేచనాలతో మంచం పట్టొచ్చు.

యూవీ అంటే అతినీలలోహిత కిరణాలతో క్రిములను చంపడం. బ్యాక్టీరియా, వైరస్‌లు, జియార్డియా అన్నిటి మీదా బాగా పనిచేస్తుంది. కానీ నీళ్ళు తేటగా ఉండాలి, ట్యాంకర్ నీళ్ళలో మట్టి తేలుతుంటే దాని నీడలో క్రిమి తప్పించుకుంటుంది. కరెంటు కావాలి. దీపం వెలుగుతున్నంత మాత్రాన దాని శక్తి ఉన్నట్టు కాదు, దాదాపు ఏడాదికోసారి మార్చాలి. లవణాలను, ఫ్లోరైడ్‌ను ఇది ముట్టుకోదు.

యూఎఫ్ అంటే సన్నటి రంధ్రాల జల్లెడ. కరెంటు అక్కర్లేదు, బ్యాక్టీరియాను, అమీబా లాంటి వాటిని ఆపుతుంది. వైరస్‌ల విషయంలో ఇంట్లో వాడే యూఎఫ్‌ను ఒక్కదాన్నే నేను నమ్మను, గర్భిణి ఉన్న ఇంట్లో అసలే నమ్మను.

ఆర్‌ఓ అంటే నీళ్ళను ఒత్తిడితో అతి సన్నటి పొరలోంచి తోయడం. మూడింటిలో ఇదొక్కటే కరిగినవాటిని కూడా తీస్తుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ ఉన్న చోట దానికి తిరుగులేదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి వచ్చిన రోగులను చూశాను. పళ్ళ మీద గోధుమరంగు గీతలు, మెడ తిప్పలేక ఒళ్ళంతా తిరిగి చూసే మనుషులు, నలభై ఏళ్ళకే వంగిపోయిన వెన్ను. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బును, ఫ్లోరోసిస్‌ను, ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో 1937లోనే గుర్తించారు. ఇలాంటి చోట్ల బోరు నీళ్ళను ఎంత కాచినా లాభం లేదు. నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మర్రిగూడ వైపు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వచ్చాక పరిస్థితి మారింది గానీ, ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతాల్లో ఇప్పటికీ బోరు నీళ్ళే తాగేవాళ్ళకు ఆర్‌ఓ వద్దని నేనెలా అంటాను?

నల్లాలో నది నీళ్ళు వచ్చే చోట మాత్రం లెక్క వేరు. ఆర్‌ఓలో లీటరు మంచి నీళ్ళకు దాదాపు మూడు లీటర్లు వృథాగా బయటికి పోతాయి. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని ఆపేలా నిబంధనలు తేవాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా చెప్పింది. ఇంకోటి, కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను పీల్చేస్తుంది. రుచి బాగుంటుంది, కానీ ఆ తర్వాత మెషీన్ ట్యాంకులో నిలవున్న నీళ్ళకు కాపలా ఉండదు. సర్వీసు చేయించి రెండేళ్ళయిన మెషీన్ కొళాయి మూతిలోకి వేలు పెట్టి చూడండి, జిగురు తగులుతుంది. మంజీరా నీళ్ళలో కాస్త క్లోరిన్ వాసన వస్తే విసుక్కోకండి, అది ఉండాల్సిందే. మెషీన్‌లో టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం కొంత పచ్చి నీటిని పక్క దారిన కలుపుతుంది. ఫ్లోరైడ్ ఉన్న చోట అది కూడా ఆ దారినే వస్తుందని మర్చిపోకండి. ఆల్కలైన్ నీళ్ళంటారా, కడుపులో ఆమ్లం ముందు అదెంతసేపు? ఆ డబ్బుతో బాబుకు గుడ్లు కొనండి.

కీళ్ళ నొప్పులు: కాల్షియం ప్రధానంగా తిండిలోంచి రావాలి. గ్లాసు పాలలోనే 250 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బి12 విటమిన్ కోసం కూడా నీళ్ళ వైపు చూడక్కర్లేదు, అది పాలు, గుడ్లు, మాంసం నుంచి రావాలి. అలాగని టీడీఎస్ 20కి దించి మురిసిపోవాల్సిన పనీ లేదు, మరీ లవణాల్లేని నీళ్ళు మంచివి కావు. నొప్పులు ఉన్నవాళ్ళు మెషీన్‌ను తిడుతూ ఆరు నెలలు గడపకుండా చూపించుకుంటే మంచిది.

అమ్మగారి రాగి బిందె: రాత్రంతా ఉంచితే కొంత బ్యాక్టీరియా తగ్గుతుంది. వెనకటికి చిల్లగింజ అరగదీసి వేస్తే నీళ్ళు తేరుకునేవి, అదీ అబద్ధం కాదు. కానీ తేరుకోవడం వేరు, క్రిములు పోవడం వేరు. బిందెలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసుకోమనండి, పేచీ ఉండదు. మజ్జిగ, నిమ్మరసం మాత్రం రాగిలో వద్దు.

మీ ఇంటికైతే నా సలహా ఇది. కింద మంజీరా నల్లా విడిగా ఉందన్నారు కదా, తాగడానికీ వంటకూ దాని నీళ్ళే పట్టుకుని కాచుకోండి, లేదా యూవీ పెట్టించుకోండి. ఆర్‌ఓ అక్కర్లేదు. మోయడం కుదరదు, సంపు నీళ్ళే గతి అంటే, మూడు రకాల నీళ్ళు కలుస్తాయి కాబట్టి టీడీఎస్ రోజుకో రకంగా ఉంటుంది, అప్పుడు ఆర్‌ఓతో పాటు యూవీ ఉన్నది తీసుకోవచ్చు. కొనేముందు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో గానీ, గుర్తింపు ఉన్న ల్యాబులో గానీ ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా మూడూ పరీక్ష చేయించండి. కంపెనీ పేరు నేను చెప్పను. సంపు ఎప్పుడు కడిగారో అసోసియేషన్ వాళ్ళను అడగండి, పక్కనే డ్రైనేజీ లైను పోతోందేమో చూడండి.

బాబు స్కూలు బాటిల్ కూడా ఒకసారి విప్పండి. స్ట్రా ఉన్నదైతే దాన్ని పీకి లోపల చూడండి. నల్లటి చార కనిపిస్తే ఆ స్ట్రా పారేయండి. క్యాన్ పెట్టే స్టాండు, దాని కొళాయి కడిగి ఎన్నాళ్ళయింది?

నేను బాబును చూడలేదు, మీరు రాసిన నాలుగు మాటల మీద చెప్పినవే ఇవన్నీ. చూసిన డాక్టర్ వేరేలా చెబితే ఆయన మాటే వినండి. వెళ్ళేటప్పుడు పోయినేడాది స్కూల్లో రాసిచ్చిన బరువు కార్డు, టీకాల కార్డు, ఫ్రిజ్‌లో ఉన్న సిరప్ సీసా మూడూ తీసుకెళ్ళండి. సీసా ఖాళీ అయినా సరే, లేబుల్ కావాలి.