మా ఇంట్లో చిన్న వయసులోనే అల్జీమర్స్ వస్తోంది. మేనరికం వల్లేనా? దీనిపై విదేశాల్లో ఏం పరిశోధిస్తున్నారు?

మేనరికం కారణం కాదండీ. మీరు రాసినట్టు తాతగారికి, నాన్నగారికి యాభై దాటకముందే మొదలైందంటే వంశపారంపర్య రకమేమో చూడాలి. ఏపీపీ, పీఎస్ఈఎన్1, పీఎస్ఈఎన్2 జన్యువుల్లో ఒకదానిలో లోపం తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే చాలు. ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం.

అల్జీమర్స్ కేసుల్లో ఇవి ఒక శాతం లోపే. కొలంబియాలోని ఆంటియోకియాలో ఒక పెద్ద వంశం ఉన్నా, మిగతా కుటుంబాలు దేశానికి కొన్ని చొప్పున చెదిరి ఉన్నాయి. అందుకే ఇలాంటి కుటుంబాలన్నిటినీ కలిపి పరిశీలించడానికి 2008లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ కేంద్రంగా ‘డయాన్’ అనే పరిశోధన నెట్‌వర్క్ మొదలైంది. అన్ని దేశాల్లోనూ ఒకే పద్ధతిలో స్కాన్లు, రక్తం, వెన్ను నుంచి తీసిన నీరు పరీక్షిస్తారు. ఈ ఇళ్లలో పిల్లలకూ జబ్బు దాదాపు కన్నవాళ్లకు వచ్చిన వయసులోనే వస్తుంది. ఆ లెక్కతోనే, లక్షణాలకు సుమారు 20 ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయని తేలింది. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ఫలితం ఇదే. మతిమరుపు ఇంకా రానివాళ్ల మీద మందుల ట్రయల్స్ నడపడానికి దారి చూపింది. పాల్గొనేవాళ్లు తమ జన్యు ఫలితం తెలుసుకోవాలన్న బలవంతం లేదు.

మీరు గుంటూరులోనే ఉన్నారు కాబట్టి మూడు తరాల వివరాలు ఒక కాగితం మీద రాసుకుని ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) న్యూరాలజీ ఓపీకి వెళ్లండి. ఎవరికి, ఏ వయసులో, మొదట ఏం కనబడింది: పేర్లు మర్చిపోవడమా, తెలిసిన వీధిలో దారి తప్పడమా? బీ12, థైరాయిడ్ పరీక్షలు ముందు చేయించండి, వాటిలో తేడాల వల్ల వచ్చే మతిమరుపుకు వైద్యం ఉంది. జన్యు పరీక్ష మాత్రం కౌన్సెలింగ్ తర్వాతే.