బీఎఫ్ఏ తర్వాత బడి గోడలకు బొమ్మలు వేస్తున్నాను. పబ్లిక్ ఆర్ట్‌లో మాస్టర్స్‌కు ఈ పని చూపించొచ్చా?

చెల్లె, హాలియా చుట్టుపక్కల సర్కారు బడుల్లో వేసిన బొమ్మలు పోర్ట్‌ఫోలియోలో పెడితే నవ్వుతారేమోనని టెన్షన్ పడుతున్నావు. నవ్వరు. కాకపోతే పెట్టే తీరుగా పెట్టాలి. నాది కోస్గి దగ్గర పల్లె. జర్మనీలో వైమార్ బౌహౌస్ యూనివర్సిటీలో పబ్లిక్ ఆర్ట్, అంటే వీధుల్లో జనం మధ్య పెట్టే కళలో ఎంఎఫ్ఏ (మాస్టర్స్) చేశాను కాబట్టి, అప్లై చేసిననాటి సంగతులు చెబుతా.

గోడ మీద అఆలు, గ్లోబు, గాంధీతాత వేయడం నాకూ కూడు పెట్టిన పనే. అయితే ఇంటర్వ్యూలో వాళ్లు నా కాన్వాసులను చకచకా తిప్పేసి, మా ఊరి బస్ షెల్టర్ గోడ మీద నేను చేసిన పని ఫొటోల దగ్గర ఆగిపోయారు. మా దిక్కు వలస కూలీలు ఎక్కే బొంబాయి బస్సు తెలుసు కదా. దాని కోసం మూటలతో కూర్చునేవాళ్లను అడిగి, ఆ గోడ మీద ఒక్కో ఇంటికి ఒక్కో వరుస రాశాను: ఎవరు, ఏ ఊరికి, ఏ పనికి పోయారు. ముసలోళ్లు డ్యాముల పేర్లు చెప్పారు, పడుచోళ్లు ముంబయి, పుణె బిల్డింగులు. కూలీలను పనికి తీసుకెళ్లే ఒక గుంపు మేస్త్రీ తన పేరు పైన పెద్దక్షరాల్లో ఉండాలని పట్టుబట్టాడు. చివరికి అందరితో పాటే, అదే సైజులో రాశాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు! ఎన్నికలప్పుడు దాని మీద పార్టీ పోస్టర్ అంటించారు. ఆ ఫొటో కూడా పెట్టాను.

వాళ్ల ప్రశ్నలన్నీ వీటి చుట్టే. ఎవరు వద్దన్నారు? పర్మిషన్ ఎవరిచ్చారు? రంగు వెలిస్తే ఎవరు చూసుకుంటారు? ఏ రంగులు ఎందుకు వాడానని ఒక్క మాటా అడగలేదు.

అందుకే పాతిక గోడలు వద్దు. రెండు మూడు చాలు, ఒక్కోదాని కథ పూర్తిగా చూపించు. ఖాళీ గోడ, స్కెచ్, హెచ్ఎంతో గొడవపడి మార్చిన స్కెచ్, పిల్లలు గోడకు ఆనుకుని అన్నం తింటున్న ఫొటో, వానాకాలం తర్వాత పెచ్చులూడిన ఫొటో. ఖర్చు ఎంతైంది, డబ్బు ఎవరిచ్చారో రెండు లైన్లు. బొమ్మ ఒక్కటే ఫ్రేములో నిండేలా తీసిన ఫొటోలు తగ్గించు, చుట్టూ వీధి కనబడాలి.

స్టేట్‌మెంట్‌లో చాలామంది విదేశీ గ్రాఫిటీ ఆర్టిస్టుల పేర్లు రాస్తారు. నాకు అది దండగ అనిపిస్తుంది. హైదరాబాద్ గన్‌పార్కులో శిల్పి ఎక్కా యాదగిరిరావు చేసిన అమరవీరుల స్తూపం మన కళ్లముందే ఉంది. 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయినవాళ్ల కోసం 1970లో పునాదిరాయి వేస్తే, పూర్తయ్యేసరికి 1975 వచ్చింది. పబ్లిక్ ఆర్ట్ అంటే అనుమతుల కొట్లాట అని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? నేనైతే శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో సిమెంటు, ఎర్రరాతి కంకరతో ఆరుబయట చేసిన 'సంతాల్ కుటుంబం' గురించి రాశాను. కావడి బుట్టలో పిల్లాడు, తల్లి నెత్తిన గంప, పక్కన కుక్క. అది చూస్తే నాకు మా పాలమూరు లేబరే కనిపించారు.

ఇక ఎక్కడ అప్లై చేయాలంటే, పేరులోనే పబ్లిక్ ఆర్ట్ ఉన్న డిగ్రీలు మన దేశంలో అరుదు. గోడ పనికి దగ్గరగా ఉండేది శాంతినికేతన్ కళాభవన్, మ్యూరల్ (గోడబొమ్మల) సంప్రదాయం అక్కడ చిత్రకారుడు నందలాల్ బోస్ నాటి నుంచి ఉంది. బరోడా ఎంఎస్ యూనివర్సిటీ కూడా చూడు. ఇంటికి దగ్గరంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) సరోజినీ నాయుడు స్కూల్, మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ). అక్కడ పెయింటింగో శిల్పమో తీసుకుని నీ పనిని వీధి వైపు మళ్లించుకోవాలి.

వైమార్ కోర్సు రెండేళ్లు, ఇంగ్లిష్‌లోనే. ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్‌కు కొంత కట్టాలి. అసలు బరువు వీసా దగ్గర. ఏడాది ఖర్చుకు, ముందే డబ్బు వేసి అక్కడికి పోయాక నెలనెలా కొంతే తీసుకునే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపమంటున్నారు, అప్లై చేసేముందు తాజా లెక్క చూసుకో. 2022 నవంబర్ నుంచి మనవాళ్లకు మన చదువు పత్రాలు అసలైనవేనని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, దానికి ముందుగానే పెట్టుకో. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ (DAAD) స్కాలర్‌షిప్ ఆర్టిస్టులకు వేరేగా ఉంది, ఇంట్లో పొలం అమ్మే మాట రాకముందే అది చూడు.

రికమండేషన్ ఒకటి కాలేజీ సార్‌తో రాయించు. దాంతో పాటు నువ్వు బొమ్మలేసిన బడి హెచ్ఎంతో ఒక ఉత్తరం తీసుకుని పోర్ట్‌ఫోలియో చివర పెట్టు. తెలుగులో రాసినా పర్వాలేదు, కింద ఇంగ్లిష్ అనువాదం చేర్చు. నిన్ను పొగడమని మాత్రం అడగకు, ఆ గోడ ముందు పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో రాయమను.