వెబ్ పేజీలోని ప్రింట్ బటన్ నొక్కగానే ప్రింటర్ నుంచి కాగితం నేరుగా వచ్చేస్తుందా?

రాదు, వెబ్ పేజీలను పనిచేయించే కోడ్ భాష జావాస్క్రిప్ట్‌లోని విండో.ప్రింట్() అనే ఫంక్షన్ బ్రౌజర్ ప్రింట్ డైలాగును తెరవడం వరకే చేస్తుంది, అక్కడ మళ్లీ ప్రింట్ నొక్కవలసింది వాడుకరే. ఏ ప్రింటర్, ఎన్ని కాపీలు అన్నది పేజీలోని స్క్రిప్టు నిర్ణయించలేదు. ఆ వీలే ఉంటే, మనం తెరిచిన ఏ సైటైనా అనుమతి అడగకుండా మన కాగితాన్నీ సిరానూ ఖర్చు చేయగలిగేది. అందుకే బ్రౌజర్లు ఆ అధికారాన్ని స్క్రిప్టు చేతికి ఇవ్వలేదు.

ఉదాహరణకు, ఫీజు రసీదు చూపే పేజీలో ఒక బటన్ ట్యాగు రాసి, దాని ఆన్‌క్లిక్‌కు, అంటే నొక్కినప్పుడు జరగాల్సిన పనికి, విండో.ప్రింట్() ఇస్తే చాలు. అయితే ఆ బటన్ ఫారమ్ లోపల ఉన్నట్లయితే దాని టైప్‌ను బటన్ అని విధిగా పేర్కొనాలి, లేకపోతే అది సబ్మిట్ బటన్‌గా పనిచేసి ఫారమ్‌ను సర్వర్‌కు పంపేస్తుంది.

బటన్ ఏ భాగం పక్కన ఉంటే ఆ భాగమే ప్రింట్ అవుతుందని చాలామంది పొరబడతారు. నిజానికి మెనూలు, ప్రకటనలు, చివరికి ఆ బటన్‌తో సహా పేజీ మొత్తం ప్రింటుకు వెళుతుంది. రసీదు మాత్రమే కావాలనుకుంటే, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో, ప్రింట్ సమయంలో మాత్రమే వర్తించే మీడియా ప్రింట్ నియమం కింద మిగిలినవాటికి డిస్‌ప్లే నన్ (చూపవద్దు) అని రాయాలి; తెరపై పేజీ మాత్రం ఎప్పటిలాగే కనిపిస్తుంది. కొన్ని కౌంటర్లలో డైలాగు లేకుండానే బిల్లు వచ్చేది క్రోమ్ బ్రౌజర్‌ను, డైలాగు చూపకుండా ప్రింట్ చేసే కియోస్క్ ప్రింటింగ్ ఆప్షన్‌తో ప్రారంభించినందువల్లనే గాని, పేజీలోని కోడ్ వల్ల కాదు.