కత్తెరతో వేసే ఓటు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల అర్జెంటీనా గురించి రాస్తూ “అక్కడి ట్రాట్‌స్కీయిస్టుల కూటమి ఇంకా బతికే ఉంది” అని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్ళిపోయాను. (రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ బాట పట్టిన కమ్యూనిస్టులన్నమాట.) ఆ ముక్క పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. సోయానూనె కొనే కంపెనీ పనిమీద 2012 నుంచి 2017 దాకా బ్యూనస్ ఎయిర్స్‌లో ఉన్నాను. కొంత చూసిందీ, కొంత చదివిందీ కలిపి చెబుతాను.

ప్రశ్న: ముగ్గురు ట్రాట్‌స్కీయిస్టులు కలిస్తే నాలుగు పార్టీలని మా మేష్టారు అనేవారు. వీళ్ళు ఇన్నేళ్ళు ఎలా కలిసున్నారు?
– ఒక పాఠకుడు, ఒంగోలు

ప్రేమతో కాదండీ, భయంతో. 2009లో అక్కడ ఎన్నికల చట్టం మార్చారు. అసలు ఎన్నిక అక్టోబరులో అయితే, ఆగస్టులో అన్ని పార్టీలకూ కలిపి ఒక తప్పనిసరి వడపోత ఎన్నిక పెట్టారు. దాన్ని ‘పాసో’ అంటారు. చెల్లిన ఓట్లలో 1.5 శాతం తెచ్చుకోలేని పార్టీకి అక్టోబరులో చోటు లేదు. చిన్న పార్టీల నెత్తిన నేరుగా పడింది దెబ్బ.

అప్పటికి అక్కడ 1964 నాటి పార్తిదో ఒబ్రేరో, అంటే కార్మిక పార్టీ ఉంది. 1988లో పాత ‘మాస్’ పార్టీ నుంచి విడిపోయిన పీటీఎస్ ఉంది. 2006లో ఇంకో చీలికతో పుట్టిన ఇస్కియెర్దా సోషలిస్తా ఉంది. ఒకరి కరపత్రం ఇంకొకరు ముట్టుకుంటే చెయ్యి కడుక్కునే రకాలు. విడిగా పోతే ముగ్గురూ ఆగస్టులోనే ఇంటికెళ్ళాలి. అందుకని 2011లో ‘వామపక్ష, కార్మికుల ఫ్రంట్’ కట్టారు. స్పానిష్ పొడి అక్షరాల్లో ఫిట్. అధ్యక్ష అభ్యర్థిగా హోర్హె అల్తమీరాను నిలబెట్టి “అల్తమీరా కోసం ఒక అద్భుతం” అని ప్రచారం చేశారు. నాస్తికులు అద్భుతం కోసం అర్థించారన్నమాట. జనం నవ్వుకున్నారు, నవ్వుకుంటూనే ఓటేశారు. గడప దాటారు.

మీ మేష్టారి మాట పూర్తిగా అబద్ధమూ కాదు. 2019లో నాలుగో పార్టీ ఎంఎస్‌టీ వచ్చి కలిసింది. అదే ఏడాది పార్తిదో ఒబ్రేరో రెండుగా చీలి, అల్తమీరాయే కూటమి బయటికి పోయాడు.

ప్రశ్న: అధ్యక్ష ఎన్నికలో రెండు మూడు శాతం మించి రాదు. దాన్ని మీరు విజయం అనడం వామపక్షాల మీద అభిమానమా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

అభిమానం ఉంటే ఉందేమో గానీ, లెక్క మాత్రం వేరే. 2015లో ఫిట్ అభ్యర్థి నికొలాస్ దెల్ కాన్యోకు 3.2 శాతం, 2019లో ఆయనకే 2.2, 2023లో మిరియం బ్రెగ్‌మన్‌కు 2.7. ఇవన్నీ అధ్యక్ష పదవికి వచ్చినవి. వాళ్ళు బతికేది డిప్యూటీల (దిగువ సభ సభ్యుల) ఎన్నికల్లో. దిగువ సభలో 257 సీట్లు, రెండేళ్ళకోసారి సగం ఖాళీ అవుతాయి. ప్రతి రాష్ట్రానికీ ఒక జాబితా, ఓట్ల నిష్పత్తిలో సీట్లు. బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రంలో ఒక్కసారే 35 సీట్లకు పోటీ. అక్కడ ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్ళలో 3 శాతం ఓట్లు దాటితే సీటు మీద ఆశ పెట్టుకోవచ్చు.

2013లో దేశమంతా కలిపి 12 లక్షల పైచిలుకు ఓట్లు, ముగ్గురు డిప్యూటీలు. ఆ ముగ్గురిలో దెల్ కాన్యో గెలిచింది ద్రాక్షతోటల మెందోసాలో, ఇంకొకరు గెలిచింది ఉత్తరాన సాల్తాలో. రాజధాని మేధావుల పార్టీ అనుకున్నవాళ్ళకు అది కొరుకుడు పడలేదు. 2021లో బొలీవియా సరిహద్దు హుహుయ్ రాష్ట్రంలో అలెహాంద్రో విల్కాకు దాదాపు 25 శాతం వచ్చాయి. ఆయన కొయ్యా ఆదివాసి, చెత్త ఎత్తే మునిసిపల్ కార్మికుడు. మూడే సీట్లున్న రాష్ట్రంలో ఒకటి పట్టుకొచ్చాడు. దేశం మొత్తం మీద 3 శాతం పార్టీ అంటూ కొట్టిపారేసేవాళ్ళకు నేను చూపించేది హుహుయ్.

ప్రశ్న: ఓట్లు చీల్చి మితవాదుల్ని గెలిపించేది ఇలాంటి వాళ్ళే కదా? 2015లో మాక్రి, 2023లో మిలే అలాగే అధ్యక్షులయ్యారు కదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

ఎక్కువ ఉత్తరాలు దీని మీదే. కాస్త వివరంగా చెప్పాలి.

మా కింది వాటాలో ఒక బడిపంతులమ్మ ఉండేది. ఫిట్‌కు పోలింగ్ ఏజెంటు. అప్పట్లో అక్కడ మన దగ్గరిలా ఒకే బ్యాలెట్ మీద అందరి గుర్తులూ ఉండేవి కావు. ఏ పార్టీ బ్యాలెట్ ఆ పార్టీదే. అచ్చుకు డబ్బు ప్రభుత్వం ఇచ్చినా, ప్రతి పోలింగ్ గదికీ చేర్చుకునే బాధ్యత పార్టీది. ఆ గదిని ‘చీకటి గది’ అంటారు. బల్లల మీద పార్టీలవారీగా కాగితాల దొంతరలుంటాయి. కావలసింది తీసుకుని కవరులో పెట్టి పెట్టెలో వెయ్యాలి. లోపలికి ఒక్కొక్కరే వెళ్తారు కాబట్టి, అవతలి పార్టీవాడు వీళ్ళ దొంతర చొక్కాలో దోపుకుని వచ్చేస్తే వెనక వచ్చేవాళ్ళకు ఆ పార్టీ లేనట్టే. పెద్ద పార్టీలకు ప్రతి గదికీ మనిషి ఉంటాడు. ఈవిడ ఒక్కతే ఒక బడిలోని గదులన్నీ చూసుకోవాలి. ఎన్నికల ముందురోజు రాత్రి వంటింటి బల్ల మీద బ్యాలెట్ల కట్టలు పరిచి, ఒక్కో గదికి ఎన్నో లెక్కపెట్టి రబ్బరు బ్యాండ్లు వేసి గుడ్డసంచిలో సర్దేది.

ఆ బ్యాలెట్ పొడుగాటి కాగితం. అధ్యక్షుడికి ఒక ముక్క, డిప్యూటీలకు ఒక ముక్క, మధ్యలో గీత. గీత వెంట కత్తిరించి, ఒక పార్టీ అధ్యక్షుణ్ణి, ఇంకో పార్టీ డిప్యూటీల్ని ఒకే కవరులో పెట్టొచ్చు. 2015 అక్టోబరులో ఆవిడ కట్టలు కడుతుంటే, ఆవిడ భర్త అదే బల్లకు అటు చివర కూర్చుని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించుకుంటున్నాడు. అధ్యక్షుడికి పెరోనిస్టు (ఒకప్పటి అధ్యక్షుడు పెరోన్ పేరిట నడిచే పెద్ద పార్టీ లెండి) స్కియోలి, డిప్యూటీలకు ఫిట్. “ఇంట్లోవాణ్ణే ఒప్పించలేకపోయాను, ఊళ్ళోవాళ్ళనేం ఒప్పిస్తాను” అంది నాతో. ఆయన తలెత్తకుండా “సగం ఒప్పించావుగా” అన్నాడు.

ఇక మీ ప్రశ్న. 2015లో తుది పోరు, అంటే మొదటి ఇద్దరి మధ్య జరిగే రెండో రౌండు, మాక్రికీ స్కియోలికీ మధ్య. ఇద్దరూ పెట్టుబడిదారుల మనుషులే, ఖాళీ కవరు వెయ్యండని ఫిట్ పిలుపిచ్చింది. స్కియోలి ఓడింది 7 లక్షల లోపు ఓట్ల తేడాతో. మొదటి రౌండులో దెల్ కాన్యోకు వచ్చినవి 8 లక్షలు. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి పెరోనిస్టులు ఇవాళ్టికీ తిడతారు. కానీ మూడో అంకె చూడరు. తుది పోరులో ఖాళీ ఓట్లు 1 శాతానికి కాస్త ఎక్కువ, అంతే. దెల్ కాన్యోకు వచ్చిన 3 శాతంలో చాలామంది నాయకుల మాట వినలేదని అర్థం. పార్టీ తటస్థంగా ఉంది, ఓటర్లు ఉండలేదు.

2017లో నేను తిరిగొచ్చేసే ముందు పంతులమ్మ ‘మాతే’ (అక్కడి కషాయం లెండి, ఒకే గొట్టంతో అందరూ తాగుతారు) నా చేతికిస్తూ తనంతట తనే చెప్పింది. ఖాళీ ఓటు కరపత్రాలు పంచింది తనే. చీకటి గదిలోకి వెళ్ళాక స్కియోలి కాగితం తీసింది. శాఖ సమావేశంలో ఇప్పటికీ చెప్పలేదట.

మిలే సంగతికి ఇంత కథ అక్కర్లేదు. 2023 తుది పోరులో ఆయన 11 శాతం తేడాతో గెలిచాడు. ఫిట్ 2.7 శాతం మొత్తం అటు పోసినా పెరోనిస్టు అభ్యర్థి మాసా గట్టెక్కేవాడు కాదు. పెరోనిస్టు ప్రభుత్వం నడుస్తుండగా ధరలు ఏడాదికి రెట్టింపు దాటి పెరిగాయి. ఓడించింది అది.

నా అభిప్రాయం అడిగితే, ఖాళీ ఓటు పిలుపు తప్పే అంటాను. మాక్రిని గెలిపించిందని కాదు. తమ ఓటరు ఎందుకు కత్తెర పట్టుకుంటాడో అర్థం చేసుకోనందుకు. అతనికి పరిపాలించడానికి ఒకడు కావాలి, వాణ్ణి నిలదీయడానికి ఇంకొకడు కావాలి. ఫిట్‌ను రెండో పనికే పెట్టుకున్నాడు.

ప్రశ్న: గెలిచిన సీటును వంతులవారీగా పంచుకుంటారట, నిజమా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

నిజం. జాబితాలో పార్టీల పేర్లు ఒకదాని తర్వాత ఒకటి పేరుస్తారు. గెలిచినవాళ్ళు కొంతకాలానికి రాజీనామా చేస్తే జాబితాలో తర్వాతివాళ్ళు వస్తారు. 2021లో బ్రెగ్‌మన్ గెలిచిన సీట్లో తర్వాత పార్తిదో ఒబ్రేరోకు చెందిన వనీనా బియాసి కూర్చుంది. నెఉకెన్ రాష్ట్ర శాసనసభలో 2011లో గెలిచిన ఒక్క సీటునూ నలుగురు పంచుకున్నారు. అందులో రౌల్ గొదోయ్ ఒకడు. యజమాని మూసేసిన సనోన్ టైల్స్ ఫ్యాక్టరీని ఆక్రమించి నడిపిన కార్మికుల్లో ముందున్నవాడు. జీతం కూడా టీచరు జీతమంత ఉంచుకుని మిగతాది సమ్మెల నిధికి ఇస్తామంటారు. ఈ వంతుల దగ్గరే కూటమిలో గొడవలన్నీ. ముఖాలు మారిపోతుంటే ఓటరుకు గుర్తుండడం కష్టం.

ప్రశ్న: 2025లో బ్రెగ్‌మన్‌కు అంత ఆదరణ ఎలా వచ్చింది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

రాజధాని నగరంలో దాదాపు 9 శాతం తెచ్చుకుని మళ్ళీ డిప్యూటీ అయింది. 2023 టీవీ చర్చలో, సింహాన్నని చెప్పుకునే మిలేను “ఆర్థిక శక్తుల ఒళ్ళో ముద్దుల పిల్లిపిల్ల” అనేసింది. ఆ మాట ఆమెను పార్టీ బయట కూడా ఇంటింటికీ చేర్చింది. ఇంకో సంగతి, 2025లో దేశమంతటా మొదటిసారి ఒకే కాగితం బ్యాలెట్ వచ్చింది. కట్టలు మొయ్యక్కర్లేదు, ఎవరూ దొంగిలించలేరు. ఆ ఏడాదికి పాసో కూడా ఆపేశారు. మా పంతులమ్మ గుడ్డసంచికి పని పోయింది.

ప్రశ్న: మన ఎమ్మెల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీలన్నీ అలా కలిస్తే శాసనసభలో నాలుగు సీట్లు రావా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

రావు. అక్కడ 35 సీట్లకు ఒకే జాబితా, ఇక్కడ సీటుకో యుద్ధం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్టే దక్కదు. 3 శాతాన్ని రాష్ట్రమంతా చల్లితే మనకు మొలిచేదేమీ లేదు. మీ జిల్లా మనిషి, ఎమ్మెల్ నాయకుడు గుమ్మడి నర్సయ్య ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచింది ఒకే చోట దశాబ్దాలు పాతుకున్న పోడు, తునికాకు పోరాటాల వల్ల. ఆ ఓట్లను కూటమి పేరుతో పక్క నియోజకవర్గానికి మోసుకుపోలేరు.